గోడ అడిగిన బొమ్మ

*క్రీస్తు ఎక్కడ కూర్చోవాలి, మోషే ఏ పక్క నడవాలి, నక్షత్రాలు ఎక్కడ మెరవాలి... ఇవన్నీ చిత్రకారులు నిర్ణయించినవి కావు. అంతకన్నా ముందే మేస్త్రీలు తేల్చేశారు. తొలి చర్చిల కట్టడం క్రైస్తవ చిత్రకళను ఎలా మలిచిందో చెప్పే కథ ఇది.*

2025 ఏప్రిల్ 27, ఆదివారం. రోమ్‌లోని సాంతా మరియా మజ్జోరె బసిలికా ముందు జనం బారులు తీరారు. పోప్ ఫ్రాన్సిస్‌ను అంతకు ముందు రోజే అక్కడ సమాధి చేశారు. లోపలికి వెళ్లినవాళ్లు ఎడమ పక్క నడవలో గోడలోకి కట్టిన ఆ సమాధి ముందు క్షణం ఆగి ముందుకు కదులుతున్నారు. అలంకారం లేని రాయి, దాని మీద లాటిన్‌లో ‘ఫ్రాన్సిస్కుస్’ అని ఒక్క పేరు, పక్కన ఒక తెల్ల గులాబీ. కొందరు సిలువ గుర్తు వేసుకున్నారు. కొందరు ఫోన్లు తీశారు. అందరి చూపూ ఆ రాయి మీదే.

అదే చర్చి నడిమి హాల్లో, స్తంభాల వరసకు పైన, దాదాపు పదహారు వందల ఏళ్ల నాటి మొజాయిక్‌లు, అంటే రంగు గాజు బిళ్లలతో అద్దిన బొమ్మలున్నాయి. అబ్రాహాము అతిథులకు విందు చేస్తుంటాడు. మోషే వెనక ఎర్ర సముద్రం మూసుకుపోతుంటుంది. యెహోషువ యుద్ధానికి బయల్దేరుతుంటాడు. ఆ రోజు వాటికేసి చూసే తీరిక ఎవరికి ఉంటుంది!

తర్వాత పది రోజులకు ప్రపంచమంతా సిస్టైన్ ఛాపెల్ పొగగొట్టం వైపు చూసింది. మన కర్నూలు ప్రాంతం నుంచి వెళ్లిన హైదరాబాద్ ఆర్చిబిషప్ కార్డినల్ పూల ఆంథోనీ కూడా కొత్త పోప్‌ను ఎన్నుకునే ఆ కాన్‌క్లేవ్‌లో ఓటు వేసిన 133 మందిలో ఒకరు కావడంతో తెలుగు ఇళ్లలోనూ టీవీలు అక్కడే ఆగాయి. తలుపులు మూసేముందు కెమెరా ఆ గదిని కాస్త చూపించింది. ఒక పక్క గోడ మీద మోషే జీవితం, ఎదురు గోడ మీద యేసు జీవితం. మైకెలాంజెలో అక్కడ అడుగుపెట్టక ముందే, 1481-82లో గీసిన బొమ్మలవి. అలా ఎదురెదురుగా పెట్టాలన్న ఆలోచన మాత్రం ఆ చిత్రకారులది కాదు. వాళ్లకంటే వెయ్యేళ్లు పాతది. అది పుట్టింది కుంచె దగ్గర కాదు, తాపీ దగ్గర.

ఇంట్లోనే గుడి

మొదటి రెండు మూడు వందల ఏళ్లు క్రైస్తవులకు చర్చి భవనాలంటూ దాదాపు లేవు. ఎవరో ఒక విశ్వాసి ఇంట్లో కూడేవారు, రొట్టె విరిచేవారు, ప్రార్థించి వెళ్లిపోయేవారు. అలాంటి ఇల్లు ఒకటి మనకు దొరికింది. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరొపోస్ అనే కోట ఊరు ఉండేది. అక్కడ కోటగోడ పక్కనున్న ఒక మామూలు ఇంట్లో అడ్డుగోడ తీసేసి రెండు గదుల్ని ఒకటి చేసి ప్రార్థన హాలుగా మార్చారు. ఇంకో చిన్న గదిని బాప్తిస్మం కోసం కేటాయించారు. ఇదంతా క్రీ.శ. 230, 250ల మధ్య మాట.

బొమ్మలన్నీ ఆ చిన్న గదిలోనే ఉన్నాయి. నీటి తొట్టి పైనున్న గూటి గోడ మీద గొర్రెను భుజాలకెత్తుకున్న మంచి కాపరి. ఆయన పాదాల దగ్గర, ఒక మూలకు చిన్నగా, ఆదాము హవ్వ. పక్క గోడ మీద పక్షవాయువుతో పడి ఉన్నవాడు లేచి మంచాన్ని వీపున వేసుకుని నడిచిపోతున్నాడు. తొట్టి మీది కప్పుకు నీలం రంగు పూసి చుక్కలు పెట్టారు. చేయి తిరిగిన పనేమీ కాదు. బాప్తిస్మం తీసుకునే మనిషి నీళ్లలో నిలబడి తలెత్తితే ఆకాశం, ఎదురుగా కాపరి. అక్కడ కావాల్సింది అంతే. ఆ గదికి అంతకు మించిన బొమ్మ పట్టదు కూడా.

దాదాపు 256లో పర్షియా సైన్యం ముట్టడించినప్పుడు రోమన్ సైనికులు కోటగోడకు దన్నుగా ఆ వీధి ఇళ్లన్నిటినీ మట్టితో నింపేశారు. ఊరు పోయింది, బొమ్మలు మిగిలాయి. 1930ల తొలినాళ్లలో తవ్వి తీసిన ఆ గోడల పెచ్చులు ఇప్పుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి.

నేల కింద, దీపం వెలుగులో

అదే కాలంలో రోమ్ నగరం బయట ఇంకో రకం గోడ తయారవుతోంది. ఊరి సరిహద్దుల్లో శవాలను పాతిపెట్టకూడదన్నది రోమన్ చట్టం. అందుకే బయటి రహదారుల వెంట, మెత్తని అగ్నిపర్వత రాతిలో, అంతస్తులు అంతస్తులుగా సొరంగాలు తవ్వి సమాధులు చేసుకున్నారు. అవే కాటకూంబ్‌లు. హింసకు భయపడి క్రైస్తవులు అక్కడ దాక్కుని బతికారని సినిమాలు చూపిస్తాయి గానీ, అవి శ్మశానాలు. సర్కారుకు తెలియని రహస్యాలేమీ కావు. తవ్వడానికి ప్రత్యేకంగా పనివాళ్లు ఉండేవారు. చేతిలో గునపం, దీపంతో వాళ్ల బొమ్మలు కూడా అక్కడి గోడల మీద ఉన్నాయి.

చీకటి, ఇరుకు, చెమ్మ. పైగా డబ్బు తక్కువ. తెల్ల సున్నం మీద ఎరుపు, ఆకుపచ్చ గీతలు గీసి కప్పును భాగాలుగా విడగొట్టారు. ఒక్కో భాగంలో ఒక్కో చిన్న బొమ్మ: చేప నోట్లోంచి బయటపడే యోనా, పెట్టెలాంటి ఓడలో నోవహు, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు, సమాధి నుంచి లేచి వచ్చే లాజరు. చావు గడప దాటి బయటపడ్డవాళ్లే అందరూ. ఆప్తుణ్ని పాతిపెట్టి దీపం పట్టుకుని నిల్చున్న కుటుంబానికి ఏం చెప్పాలో అది చెప్పి వదిలేశారు. కథ మొత్తం చెప్పే చోటు లేదు, చూసే వెలుగు లేదు. కప్పు నడిమధ్యన ఉన్న గుండ్రటి చోటు మాత్రం చాలాసార్లు మంచి కాపరిదే. ఆ నడిమి చోటును గుర్తుపెట్టుకోండి. ముందు ముందు అక్కడికే వేరే ముఖం వస్తుంది.

గుడి వద్దు, కచేరీ కావాలి

312లో కాన్‌స్టాంటైన్ రోమ్‌ను గెలిచాడు. 313లో క్రైస్తవానికి చట్టబద్ధత వచ్చింది. ఇప్పుడు చక్రవర్తే సొంత ఖజానా నుంచి చర్చిలు కట్టిస్తానంటున్నాడు. ఏ నమూనాలో కట్టాలి?

రోమన్ దేవాలయం కళ్లెదుటే ఉంది. కానీ అది పనికి రాదు. మన గర్భగుడిలాగే దాని లోపలి గది దేవుడి విగ్రహానికి. బలి ఇచ్చేది బయటి పీఠం మీద, జనం ఉండేది బయట. దాని అందమంతా బయటి స్తంభాల్లో, శిల్పాల్లోనే. క్రైస్తవుల పద్ధతి వేరు. వందలమంది ఒకే కప్పు కింద చేరాలి, వాక్యం వినాలి, వరసగా వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. పైగా విగ్రహాల గుడిని పోలిన కట్టడం వాళ్లకు మింగుడుపడదు.

అందుకే బసిలికాను ఎంచుకున్నారు. అప్పటికి అది మతానికి సంబంధించిన కట్టడమే కాదు. ఊరి నడిబొడ్డున వ్యాపార ఒప్పందాలు, కోర్టు విచారణలు జరిగే పెద్ద హాలు. పొడవైన నడిమి భాగం, రెండు పక్కలా స్తంభాల వరసలు, వాటి అవతల పక్క నడవలు, పైన కిటికీలు. ఒక చివర అర్ధవృత్తాకారంలో లోపలికి వంగిన గోడ. న్యాయాధికారి ఆసనం అక్కడే. చక్రవర్తుల దర్బారు హాళ్లదీ అదే పోలిక. జర్మనీలోని ట్రియర్‌లో కాన్‌స్టాంటైన్ నాటి దర్బారు హాలు ఇప్పటికీ నిలబడి ఉంది.

ఈ ఎంపికతో బొమ్మల చరిత్రే తిరిగిపోయింది. కట్టడం బయటి ముఖం మొండి ఇటుక. సొగసంతా లోపలికి వచ్చేసింది. చిత్రకారుడికి ఒక్కసారిగా మూడు పెద్ద చోట్లు దొరికాయి: స్తంభాల మీద పొడవాటి గోడలు, వాటి చివర తోరణం, ఆ వెనక వంపు గోడ.

న్యాయాధికారి చోట్లో యేసు

వంపు గోడ సంగతే చూడండి. ద్వారంలో అడుగుపెట్టగానే స్తంభాల వరసలు కంటిని లాక్కెళ్లి అక్కడే దింపుతాయి. నిన్నటిదాకా అధికారి కూర్చున్న చోటది. అక్కడ గొర్రెను మోసే కుర్రాణ్ని పెడితే ఆనుతాడా? ఆనడు. ఆ చోటుకు సింహాసనం మీద కూర్చున్నవాడే కావాలి.

రోమ్‌లోని సాంతా పుదెంత్సియానా చర్చిలో దాదాపు 400 నాటి మొజాయిక్‌లో అదే కనిపిస్తుంది. రత్నాలు పొదిగిన ఆసనం మీద బంగారు వస్త్రాలతో గడ్డం ఉన్న క్రీస్తు. చుట్టూ సెనేటర్లలా టోగాలు కట్టిన అపొస్తలులు. గలిలయ సముద్రంలో వలలు వేసిన జాలరులు వీళ్లేనా అనిపిస్తుంది! వెనక యెరూషలేము పట్టణం, కొండ మీద పెద్ద సిలువ. పదహారో శతాబ్దం చివర్లో చేసిన మరమ్మతుల్లో ఈ బొమ్మ అంచులు కోసేశారు. పన్నెండుమంది అపొస్తలుల్లో ఇద్దరు అలా పోయారు, ఇప్పుడు పదిమందే.

క్రైస్తవం రాజమతం అయింది కాబట్టి యేసు రాజయ్యాడని చాలామంది రాస్తారు. నిజమే, కానీ సగమే. కళాకారుడి చేతికి రాజు కూర్చునే గోడ ఇచ్చి, కాపరిని గీయమంటే కుదరదు. రాజకీయం ఎంత పనిచేసిందో కట్టడం కూడా అంత పనిచేసింది.

■ బాక్స్: బంగారం ఎలా మెరుస్తుంది?
మొజాయిక్‌లోని బంగారు బిళ్ల మొత్తం బంగారం కాదు. గాజు పలక మీద పల్చటి బంగారు రేకు పరిచి, దాని మీద ఇంకో సన్నని గాజు పొర వేసి, వేడికి అతికిస్తారు. చల్లారాక చిన్న చిన్న చదరాలుగా కొడతారు. గోడకు గచ్చు పూసి, అది తడి ఆరకముందే ఒక్కో బిళ్లనూ వేలితో అద్దుతారు. అన్నిటినీ ఒకే చదునుగా కాకుండా కొన్నిటిని కాస్త వాల్చి పెడతారు. అందువల్ల కొవ్వొత్తి కదిలినా, చూసే మనిషి కదిలినా మెరుపు చోటు మారుతుంది. వంపు గోడ మీద ఈ మెరుపు ఇంకా ఎక్కువ. చదును గోడల మీద కన్నా గుమ్మటాల్లో, గూళ్లలో బంగారం ఎక్కువగా వాడటానికి అదొక కారణం.

పొడవు గోడకు పొడవు కథ

ఇక స్తంభాల పైనున్న నిడుపాటి గోడలు. ద్వారం నుంచి బలిపీఠం దాకా సాగే గోడ మీద ఒక్క బొమ్మ నిలవదు, వరస కావాలి. వరస అంటే కథ. కాటకూంబ్‌లో ఒక్క దృశ్యంతో సరిపెట్టుకున్న మోషే ఇక్కడ పుట్టుక నుంచి చావు దాకా నడవొచ్చు. సాంతా మరియా మజ్జోరెలో పోప్ మూడో సిక్స్‌టస్ (432-440) కాలంలో ఇలాంటి 42 పలకలు పెట్టారు, 27 మిగిలాయి. అంతకు ముందే 431లో ఎఫెసు సభ మరియమ్మను దేవుని తల్లిగా ప్రకటించింది. అందుకే చివరి తోరణం మీద యేసు బాల్యం వచ్చింది. అందులో మరియమ్మ రాజవంశపు స్త్రీలా నగలతో ఉంటుంది.

పాత సెయింట్ పీటర్స్ బసిలికాలోనూ నడిమి హాలు ఒక పక్క పాత నిబంధన కథలు, ఎదురు పక్క కొత్త నిబంధన కథలు ఉండేవి. ఇప్పటి చర్చి కోసం 1506 నుంచి దాన్ని కూల్చుతూ పోయారు. చివరి ముక్క నేలకూలేముందు, పదిహేడో శతాబ్దం మొదట్లో, జాకొమో గ్రిమాల్ది అనే వాటికన్ నోటరీ మిగిలిన గోడలనూ, బొమ్మలనూ రాయించి, గీయించి పెట్టాడు. వాటి గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన వల్లే. సిస్టైన్‌లో మోషేకు ఎదురుగా యేసు వచ్చింది ఈ పాత అలవాటు నుంచే.

చదువురాని వాళ్లకు ఈ బొమ్మలే బైబిలు అన్న మాట ప్రతి గైడూ చెబుతాడు. దాని మూలం 600 ప్రాంతంలో పోప్ గ్రెగరీ మార్సే బిషప్ సెరెనస్‌కు రాసిన ఉత్తరాలు. బొమ్మలకు మొక్కుతున్నారన్న కోపంతో సెరెనస్ వాటిని పగలగొట్టించాడు. మొక్కనివ్వకపోవడం మంచిదే గానీ పగలగొట్టడం తప్పని, అక్షరాలు రానివాళ్లు వాటిని చూసి తెలుసుకుంటారని గ్రెగరీ మందలించాడు. మాట బాగుంది. కానీ సాంతా మరియా మజ్జోరె పలకలు ఎంత ఎత్తున ఉంటాయంటే, కళ్లు బాగున్నవాళ్లకే ఎవరు మోషేనో ఎవరు ఫరోనో పోల్చుకోవడం కష్టం. కథ ముందే తెలిసినవాడికే అవి అర్థమవుతాయి. బోధించడం కన్నా, బలిపీఠం వైపు నడిచే మనిషికి రెండు పక్కలా తోడు నడవడమే వాటి పని అని నాకనిపిస్తుంది.

■ బాక్స్: తాగుడు మాన్పించే బొమ్మలు
గ్రెగరీ కన్నా రెండు వందల ఏళ్ల ముందే బొమ్మలతో ఇంకో ప్రయోగం జరిగింది. ఇటలీలోని నోలా దగ్గర సెయింట్ ఫెలిక్స్ సమాధి వద్ద ఏటా పెద్ద జాతర. చుట్టుపక్కల రైతులు పిల్లాపాపలతో వచ్చి రాత్రంతా జాగారం చేసేవారు. జాగారమంటే తిండి, తాగుడు కూడా. అక్కడి పెద్ద పౌలినస్ ఒకప్పుడు ఆ ప్రాంతానికే గవర్నరు. బోర్డో దగ్గరి సంపన్న కుటుంబంలో పుట్టి, ఆస్తి వదిలేసి సన్యాసిలా నోలాలో స్థిరపడ్డాడు. జనాన్ని తిట్టలేదు. చర్చి గోడల నిండా బైబిలు కథలు గీయించాడు. ఒకరికొకరు బొమ్మలు చూపించుకుంటూ ఉంటే ఆకలి, దాహం కాస్త ఆలస్యమవుతాయని, కప్పుల సంఖ్య తగ్గుతుందని తన పద్యంలో రాసుకున్నాడు. తగ్గిందో లేదో మాత్రం రాయలేదు!

రవెన్నాలో తెగిన చేతులు

గోడ చెప్పినట్టు బొమ్మ నడిచిందనడానికి ఇటలీ తూర్పు తీరంలోని రవెన్నా కన్నా మంచి సాక్ష్యం లేదు. అక్కడి ఎనిమిది తొలి క్రైస్తవ కట్టడాలను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గాథ్ రాజు థియోడొరిక్ ఆరో శతాబ్దం తొలినాళ్లలో తన కోట పక్కన కట్టించిన చర్చి పేరు ఇప్పుడు సంత్ అపొల్లినారే నువోవో. స్తంభాల మీదుగా ఎడమ గోడ మీద 22 మంది కన్యలు, కుడి గోడ మీద 26 మంది హతసాక్షులు, కిరీటాలు చేతబట్టి బలిపీఠం వైపు నడుస్తుంటారు. స్తంభం తర్వాత స్తంభం, మనిషి తర్వాత మనిషి, ఒకటే లయ. అప్పట్లో చర్చిల్లో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు నిలబడేవారు. మన పల్లె చర్చిల్లో ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. కాబట్టి కింద నిలబడ్డ జనం వరసే పైకెక్కి గోడ మీద సాగుతున్నట్టు ఉంటుంది.

అయితే ఆ ఊరేగింపు మొదటిది కాదు. థియోడొరిక్ ఏరియన్ శాఖ క్రైస్తవుడు. 540లో రవెన్నా కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం చేతికి వచ్చాక, ఆ శాఖ మతవిరుద్ధమంటూ చర్చిని మార్చేశారు. గోడ మీదున్న రాజు కోట బొమ్మలో స్తంభాల నడుమ నిలబడ్డ రాజును, కొలువువాళ్లను గాజు బిళ్ల బిళ్లగా ఊడపీకి, వాళ్ల చోట తెల్ల పరదాలు పెట్టారు. పని చేసినవాడు తొందరపడ్డాడో, స్తంభం పాడవుతుందని వదిలేశాడో గానీ, కొన్ని స్తంభాలకు అడ్డంగా చాపిన చేతులు అలాగే మిగిలాయి. మనిషి లేడు. మణికట్టు, వేళ్లు ఉన్నాయి. వెళ్లినవాళ్లు వెతికి మరీ చూస్తారు.

ఊళ్లోనే ఉన్న సాన్ విటాలే కథ ఇంకోటి. అది పొడవు హాలు కాదు, ఎనిమిది పలకల కట్టడం. నడవడానికి వరస లేదు కాబట్టి గోడ మీద ఊరేగింపూ కుదరదు. అందుకే బలిపీఠానికి అటూ ఇటూ రెండు జట్లు నిలబడి మనవైపు చూస్తాయి. ఒక పక్క బంగారు పళ్లెంతో చక్రవర్తి జస్టీనియన్, ఎదురుగా పాత్ర పట్టుకున్న థియోడొరా. హిప్పోడ్రోమ్ అనే పందేల మైదానంలో ఎలుగుబంట్లను సాకేవాడి కూతురు ఆమె. నాటకాలాడి బతికిన మనిషి. ఇక్కడ తల వెనక తేజోవలయంతో, మెడ నిండా ముత్యాలతో ఉంటుంది. జస్టీనియన్ రవెన్నాలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. బొమ్మ మాత్రం పదిహేను వందల ఏళ్లుగా అక్కడ పూజకు హాజరవుతూనే ఉంది. తల మీద పేరు రాసి ఉన్నది ఒక్క బిషప్ మాక్సిమియన్‌కే. 547లో చర్చిని ప్రతిష్ఠించింది ఆయనే.

గుమ్మటం వచ్చింది, చూపు మారింది

కాన్‌స్టాంటినోపుల్‌లో 532 నాటి అల్లర్లలో పాత చర్చి కాలిపోతే, జస్టీనియన్ కొత్తదాన్ని మేస్త్రీలకు కాక ఇద్దరు గణిత పండితులకు అప్పగించాడు: ఆంథెమియస్, ఇసిడోర్. ఆరేళ్లు తిరక్కుండానే, 537కల్లా హాగియా సోఫియా నిలబడింది. చదరపు గది మీద గుండ్రటి గుమ్మటాన్ని మోయడానికి నాలుగు మూలలా త్రికోణపు వంపులు వాడారు. గుమ్మటం అడుగున 40 కిటికీలు. వెలుగు అక్కడి నుంచి దూకుతుంటే పైకప్పు గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. 558లో అది కూలింది. ఇంకాస్త ఎత్తు పెంచి మళ్లీ కట్టారు.

మనిషి చూపు ఇప్పుడు ఎదురుగా కాదు, నిట్టనిలువుగా పైకి వెళ్లింది. బొమ్మలూ ఆ దారే పట్టాయి. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో విగ్రహ వివాదం రేగి, బొమ్మలు చెరిపేసి, 843లో గొడవ సద్దుమణిగాక బైజాంటిన్ చర్చిల్లో ఒక కొత్త క్రమం స్థిరపడింది. గుమ్మటం పరలోకం. దాని నడుమ క్రీస్తు. కిందికి దిగేకొద్దీ ప్రవక్తలు, యేసు జీవిత ఘట్టాలు, అన్నిటికన్నా కింద మనుషులకు దగ్గరగా పరిశుద్ధులు. గ్రీసులో ఏథెన్స్ పక్కన దాఫ్నీ మఠంలో 1100 నాటి గుమ్మటం కింద నిలబడితే, సర్వాధికారి క్రీస్తు కనుబొమలు ముడిచి కిందికి చూస్తుంటాడు. కాటకూంబ్ కప్పు నడుమ గొర్రెను మోసిన కాపరి చోటే అది. గుడి పెరిగింది, ముఖం మారింది.

మన దగ్గర

గోడ మీది బొమ్మ ఐరోపా ఉత్తరాన గోతిక్ చర్చిల్లో కిటికీకి మారింది. అక్కడి కట్టడంలో గోడ సన్నబడి కిటికీ పెరిగింది కాబట్టి రంగు గాజు గచ్చులోంచి బయటికొచ్చి సీసపు పట్టీల్లో కూర్చుంది. ఆ రూపమే మన మెదక్‌కు వచ్చింది. కరవు కాలంలో పనికి అన్నం పెట్టి ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. నూరేళ్లు దాటింది. అక్కడి పెద్ద కిటికీల్లో యేసు జననం, సిలువ, ఆరోహణం ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించి 1939లో ప్రతిష్ఠించిన కెథడ్రల్‌ది వేరే దారి. ఆయన బసిలికా పొడవును ఉంచుకుని, మన ఆలయ స్తంభాలను, మసీదు గుమ్మటాలను దానికి కలిపారు.

రోమ్ వెళ్లేవాళ్లు సంచిలో చిన్న బైనాక్యులర్ పెట్టుకోండి. సాంతా మరియా మజ్జోరెలో ప్రవేశం ఉచితం, బొమ్మలు మాత్రం ఎత్తున ఉంటాయి. మెదక్ వెళ్లేవాళ్లకు అదీ అక్కర్లేదు. పగటి పూట, ఎండ బాగా ఉన్న రోజున వెళ్లండి. సాయంత్రం పొద్దుగూకాక వెళితే కిటికీల్లో సీసపు గీతలు తప్ప రంగులు కనిపించవు.